ఆసియాన్ పెద్దరికం ఫిలిప్పీన్స్ వంతు: అధ్యక్ష దేశానికి నిజంగా ఉన్న బలం ఎంత?

గౌతమీతీరం | 2026 జనవరి 3, ఉదయం 8.40

సభ్యులందరికీ నమస్కారం. జనవరి 1 నుంచి ఆగ్నేయాసియా దేశాల సంఘమైన ఆసియాన్‌కు ఫిలిప్పీన్స్ అధ్యక్షత వహిస్తోంది. గత అక్టోబరు 28న కౌలాలంపూర్‌లో మలేసియా ప్రధాని అన్వర్ ఇబ్రహీం ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ జూనియర్ చేతికి అధ్యక్షతకు గుర్తు అయిన చెక్క సుత్తిని అందించడంతో ఈ మార్పు లాంఛనంగా పూర్తయింది. నేను డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధిస్తాను. ప్రతి ఏడాదీ పిల్లలు ఒకే ప్రశ్న అడుగుతారు: ఏడాదికొకరి చేతికి మారిపోయే ఈ పదవికి అసలు అధికారం ఏముంటుంది? దానికి పాఠ్యపుస్తకంలో ఉన్న సమాధానం నాకు ఎన్నడూ తృప్తినివ్వలేదు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందుగా కొంత నేపథ్యం. 1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో ఇండోనేసియా, మలేసియా, ఫిలిప్పీన్స్, సింగపూర్, థాయ్‌లాండ్ కలిసి ఈ సంఘాన్ని స్థాపించాయి. 1984లో బ్రూనై, 1995లో వియత్నాం, 1997లో లావోస్, మయన్మార్, 1999లో కంబోడియా చేరాయి. గత అక్టోబరు 26న తూర్పు తిమోర్ పదకొండో సభ్యదేశమైంది. 2008 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఆసియాన్ చార్టర్ (సంఘం మూల నియమ పత్రం) 31వ అధికరణం ప్రకారం అధ్యక్షత ఇంగ్లిష్ అక్షరక్రమంలో దేశాల పేర్లను బట్టి ఏటేటా మారుతుంది. ఆ లెక్కన 2025లో మలేసియా తరవాత 2026 మయన్మార్ వంతు. అయితే 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్న దరిమిలా, 2023 సెప్టెంబరులో జకార్తాలో సమావేశమైన నేతలు ఆ వంతును ఫిలిప్పీన్స్‌కు ఇవ్వాలని నిర్ణయించారు.

నా అభిప్రాయం ఇది. అధ్యక్ష దేశం ఎవరినీ శాసించలేదు, ఏ సభ్యదేశాన్నీ దండించలేదు, ఎందుకంటే 20వ అధికరణం ప్రకారం నిర్ణయాలన్నీ సంప్రదింపులు, ఏకాభిప్రాయం మీదనే జరగాలి. కానీ ఏ విషయం చర్చకు రావాలో, ఏ మాట ప్రకటనలోకి ఎక్కాలో, ఏ మాట ఎక్కకూడదో నిర్ణయించే కలం ఆ ఏడాదికి అధ్యక్ష దేశం చేతిలో ఉంటుంది. ఊళ్లో తగవు తీర్చే పెద్దమనిషికి పోలీసు అధికారం లేకపోయినా, ముందు ఎవరిని మాట్లాడమనాలో అతడే చెప్పినట్టు. మీ అభిప్రాయాలు తెలపండి.

న్యాయవిద్యార్థిని_హైదరాబాద్ | జనవరి 3, ఉదయం 10.15

గౌతమీతీరం గారు, మీ పోలికకు చార్టర్‌లోనే ఆధారం ఉంది. 23వ అధికరణం ప్రకారం తగవులో ఉన్న పక్షాలు కోరితే అధ్యక్ష దేశం గాని, సెక్రటరీ జనరల్ గాని మధ్యవర్తిత్వం వహించవచ్చు. అత్యవసర పరిస్థితులు తలెత్తినప్పుడు సకాలంలో స్పందన ఉండేలా చూడడం అధ్యక్ష దేశం బాధ్యత అని 32వ అధికరణం చెబుతుంది. అంటే ఈ పెద్దరికం మర్యాద కోసం ఇచ్చిన బిరుదు కాదు, రాతపూర్వకంగా అప్పగించిన పని.

అయితే ఇక్కడ "పక్షాలు కోరితే" అన్న షరతు చాలా ముఖ్యం. పిలవని పేరంటానికి వెళ్లే హక్కు అధ్యక్ష దేశానికి లేదు. 2011 ఫిబ్రవరిలో ప్రేహ్ విహేర్ ఆలయ ప్రాంతంలో థాయ్‌లాండ్, కంబోడియా సైన్యాలు తలపడినప్పుడు విషయం ఐక్యరాజ్యసమితి భద్రతామండలి దాకా వెళ్లింది, మండలి దానిని ఆసియాన్‌కే వదిలింది. నాటి అధ్యక్ష దేశమైన ఇండోనేసియా తన విదేశాంగ మంత్రి మార్టీ నటలెగావాను రంగంలోకి దింపింది. సరిహద్దుకు పరిశీలకులను పంపడానికి ఒప్పందం కూడా కుదిరింది. కానీ థాయ్ సైన్యం అభ్యంతరాల వల్ల ఆ పరిశీలకులు అక్కడ అడుగే పెట్టలేకపోయారు. కలం ఉన్నంత మాత్రాన కాలు కదలదని ఈ ఉదంతం చెబుతోంది.

ఈపో_తెలుగు | జనవరి 3, మధ్యాహ్నం 1.05

నేను మలేసియాలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మా ముత్తాత పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ డాతో ప్రాంతంలో కొబ్బరి తోటల్లో పనికి వచ్చారు. గత ఏడాదంతా మా దేశం అధ్యక్షత వహించడాన్ని దగ్గర నుంచి చూసిన వాడిగా కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

2011తో పోలిస్తే 2025 భిన్నంగా నడిచింది. జులై 24న థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య పోరు మొదలైంది, నాలుగు రోజుల తరవాత, అంటే జులై 28న, రెండు దేశాల నేతలూ మా పాలనా రాజధాని పుత్రజయలో ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. కంబోడియా ప్రధాని హున్ మానెట్, థాయ్ తాత్కాలిక ప్రధాని ఫుమ్‌థమ్ వెచాయచాయ్ మధ్యలో అన్వర్ నిలబడి ఇద్దరి చేతులూ కలిపిన దృశ్యాన్ని టీవీలో చూస్తూ మా అమ్మ కంటతడి పెట్టుకుంది. ఆ సరిహద్దు పల్లెల్లో లక్షల మంది ఇల్లు వదిలి శిబిరాలకు చేరిన రోజులవి. అక్టోబరు 26న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సమక్షంలో కౌలాలంపూర్‌లోనే రెండు దేశాలూ మరో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఈ రెండు సందర్భాలనూ ఒక మలేసియా పౌరుడిగా నేను గర్వంగా చెప్పుకుంటాను.

నావికుడు_విశాఖ | జనవరి 3, సాయంత్రం 6.30

ఈపో_తెలుగు గారు, మీ గర్వాన్ని గౌరవిస్తాను. కానీ రెండు సందేహాలు. జులైలో పోరు ఆపకపోతే వాణిజ్య చర్చలు ముందుకు సాగవని ట్రంప్ ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పిన తరవాతే వారు పుత్రజయకు వచ్చారు. చైనా ప్రతినిధి కూడా ఆ సమావేశంలో ఉన్నారు. అంటే తగవు తీర్చింది పెద్దమనిషా, లేక వెనక నిలబడిన షావుకార్లా? రెండోది, అక్టోబరులో చేసిన ఒప్పందాన్ని నవంబరులో మందుపాతర పేలి తమ సైనికులు గాయపడ్డారన్న కారణంతో థాయ్‌లాండ్ నిలిపివేసింది. డిసెంబరులో మళ్లీ యుద్ధం వచ్చింది. చివరకు డిసెంబరు 27న రెండు దేశాల రక్షణ మంత్రులు సరిహద్దులో కలిసి కాల్పుల విరమణ మీద సంతకాలు చేశారు. ఏడాది ముగియడానికి నాలుగు రోజుల ముందు దాకా ఆ నిప్పు ఆరలేదు.

ఈపో_తెలుగు | జనవరి 3, రాత్రి 9.20

మీ రెండు సందేహాలూ న్యాయమైనవే, వాటిని నేను తోసిపుచ్చను. సుంకాల భయం లేకపోతే ఆ ఇద్దరూ అంత త్వరగా వచ్చి ఉండేవారు కాదు. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఒత్తిడి తెచ్చిన వాషింగ్టన్‌కు గాని, బీజింగ్‌కు గాని తన దగ్గరికే రమ్మనే వీలు ఉన్నా, ఇరుపక్షాల పరువూ పోకుండా కూర్చోవడానికి ఒక అరుగు కావలసి వచ్చింది. పెద్ద దేశం పిలిస్తే లొంగిపోయినట్టు అవుతుంది, పక్కింటివాడు పిలిస్తే మాట మన్నించినట్టు అవుతుంది. ఆ అరుగు ఇవ్వడమే అధ్యక్ష దేశం చేసిన పని, అది చిన్న పని కాదు.

డిసెంబరులో మళ్లీ పోరు మొదలైనప్పుడు కూడా 22వ తేదీన విదేశాంగ మంత్రులు ప్రత్యేకంగా కౌలాలంపూర్‌లో సమావేశమయ్యారు, అక్కడ అనుకున్నట్టే రెండు దేశాల సరిహద్దు కమిటీ చర్చలకు కూర్చుంది. 27వ తేదీ సంతకాలు అక్కడి నుంచి వచ్చినవే. నిప్పు పూర్తిగా ఆరిందని నేను అనడం లేదు, ఇప్పుడు ఆ కుంపటి మనీలా చేతికి వెళ్లింది.

కోరంగి_మనవడు | జనవరి 4, ఉదయం 7.10

ఈ చర్చలో మయన్మార్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది. నా మనసు అక్కడే ఆగిపోయింది కనుక కొంచెం దీర్ఘంగా రాస్తున్నాను, మన్నించండి.

మాది కాకినాడ దగ్గర పల్లె. మా తాతగారు రంగూన్ రేవులో బస్తాలు మోసి బతికారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్లు ఎంతమంది అంటే, బర్మాలో తెలుగువారందరికీ "కోరంగీలు" అనే పేరే స్థిరపడింది. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు మా తాతగారు అరకాన్ కొండల మీదుగా నడిచి ఇంటికి చేరారు. ఆయన చనిపోయేదాకా బర్మా అన్నాన్ని, అక్కడి మనుషులను తలుచుకునేవారు. అందుకే ఆ దేశం గురించి ఏ వార్త వచ్చినా మా ఇంట్లో చదువుతాం.

మయన్మార్ వంతు తప్పడం ఇది మొదటిసారి కాదు. 2006లో కూడా ఆ దేశం అధ్యక్షత వహించవలసి ఉండగా, అంతర్జాతీయంగా వచ్చిన ఒత్తిడి వల్ల 2005 జులైలో వియంటియాన్‌లో తానే ఆ అవకాశాన్ని వదులుకుంది. అప్పుడు ఆ వంతు తీసుకున్న దేశం ఏదో తెలుసా? ఫిలిప్పీన్సే. ఆ అధ్యక్షతలో శిఖరాగ్ర సమావేశానికి ఎంచుకున్న ఊరు సెబు. 2006 డిసెంబరులో జరగవలసిన ఆ సమావేశం తుపాను కారణంగా 2007 జనవరికి వాయిదా పడింది. ఇరవై ఏళ్ల తరవాత మళ్లీ మయన్మార్ వంతు ఫిలిప్పీన్స్‌కే వచ్చింది, ఈ మే నెల శిఖరాగ్ర సమావేశం మళ్లీ సెబులోనే జరగబోతోంది. ఆ సెబు గత సెప్టెంబరు 30న భూకంపంతో, నవంబరు మొదట్లో తుపానుతో తల్లడిల్లింది. ఇది కాకతాళీయమే అని తెలుసు, అయినా చదివినప్పుడు నేను కాసేపు కదల్లేకపోయాను.

ఇన్నేళ్లలో మయన్మార్ ఒకే ఒక్కసారి, 2014లో, సజావుగా ఆ కుర్చీలో కూర్చుంది. పౌర పాలన వైపు అడుగులు పడుతున్న కాలమది. అంటే ఈ కుర్చీ ఇవ్వడం, ఇవ్వకపోవడం అనేది ఆసియాన్ చేతిలో ఉన్న అరుదైన మందలింపు. సభ్యత్వం నుంచి తొలగించే నిబంధన చార్టర్‌లో లేదు. కాబట్టి వంతు దాటవేయడమే వారు చేయగలిగిన పని. ఇది సరిపోతుందా? దాదాపు అయిదేళ్లుగా ఊళ్లు తగలబడుతుంటే ఇది సరిపోతుందా అన్నదే నా ప్రశ్న.

న్యాయవిద్యార్థిని_హైదరాబాద్ | జనవరి 4, ఉదయం 9.45

కోరంగి_మనవడు గారు, మీ ప్రశ్నకు చట్టం పరిధిలో చెప్పగలిగిన సమాధానం చిన్నది. 2021 ఏప్రిల్ 24న జకార్తాలో కుదిరిన అయిదు అంశాల ఏకాభిప్రాయంలో హింస ఆపడం, అందరితో చర్చలు, ప్రత్యేక దూత, మానవతా సహాయం, ఆ దూత అన్ని పక్షాలనూ కలవడం ఉన్నాయి. సైనిక నాయకుడు మిన్ ఆంగ్ లైంగ్ స్వయంగా ఆ సమావేశానికి హాజరయ్యారు, కానీ అమలు కాలేదు. అదే ఏడాది అక్టోబరులో బ్రూనై అధ్యక్షతన ఆయనను శిఖరాగ్ర సమావేశానికి రానివ్వకుండా, రాజకీయాలతో సంబంధం లేని ప్రతినిధిని పంపమన్నారు. ఆసియాన్ చరిత్రలో అది అనూహ్యమైన అడుగు.

ఇక్కడే అధ్యక్షత లోపం కూడా కనిపిస్తుంది. ప్రత్యేక దూతను ఏటా కొత్త అధ్యక్ష దేశం నియమిస్తుంది. బ్రూనై దూతకు ఒక పద్ధతి, 2022లో కంబోడియాకు మరో పద్ధతి. ఆ జనవరిలో నాటి కంబోడియా ప్రధాని హున్ సేన్ మిగతా దేశాలను సంప్రదించకుండా మయన్మార్ వెళ్లి వచ్చారని విమర్శలు ఎదుర్కొన్నారు. 2023లో ఇండోనేసియా ప్రచారానికి దూరంగా అన్ని పక్షాలతోనూ మాట్లాడింది. ఒక దూత పరిచయాలు పెంచుకునేసరికి ఏడాది గడిచిపోతుంది. అందుకే 2023లో గత, ప్రస్తుత, రాబోయే అధ్యక్ష దేశాలు మూడూ కలిసి పనిచేసే ఏర్పాటు చేసుకున్నారు. ఈ ఏడాది లెక్కన అవి మలేసియా, ఫిలిప్పీన్స్, సింగపూర్.

ఈపో_తెలుగు | జనవరి 4, ఉదయం 11.30

మా దేశం వైపు నుంచి ఒక చేర్పు. గత మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చిన తరవాత, ఏప్రిల్ 17న అన్వర్ బ్యాంకాక్‌లో మిన్ ఆంగ్ లైంగ్‌ను కలిశారు, మరుసటి రోజే సైన్యాన్ని వ్యతిరేకించే జాతీయ ఐక్యతా ప్రభుత్వ నేతలతో ఆన్‌లైన్‌లో మాట్లాడారు. సైనిక పాలకుడికి గుర్తింపు ఇచ్చినట్టు అవుతుందని మా దేశంలోనే చాలామంది బాధపడ్డారు. నాకూ అప్పుడు నచ్చలేదు. కానీ ఒకే వరుసలో రెండు పక్షాలతోనూ ఒక దేశ ప్రధాని మాట్లాడడం అంతకుముందు జరగలేదన్నది కూడా నిజం. సహాయం లోపలికి వెళ్లాలంటే తలుపు దగ్గర నిలబడిన వాడితో మాట్లాడక తప్పదు.

కోరంగి_మనవడు | జనవరి 4, మధ్యాహ్నం 12.15

తలుపు దగ్గర నిలబడినవాడే ఇంటికి నిప్పుపెట్టినవాడైతే, అతనితో మాట్లాడడం వేరు, అతని పక్కన ఫొటో దిగడం వేరు. అయినా మీ మాటలో నిజాయితీ ఉంది. డిసెంబరు 28న అక్కడ సైన్యం ఎన్నికల తొలి విడత నిర్వహించింది. పోలింగుకు ఆసియాన్ తరఫున పరిశీలకులను పంపలేదు. ఆ ఎన్నికల తరవాత ఏర్పడే ప్రభుత్వాన్ని గుర్తించాలా వద్దా అన్న ప్రశ్న ఈ ఏడాది ఫిలిప్పీన్స్ బల్ల మీదికే వస్తుంది. నా దృష్టిలో ఈ అధ్యక్షతకు అసలు పరీక్ష అదే.

దవావో_వైద్యవిద్య | జనవరి 4, సాయంత్రం 4.50

నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఫిలిప్పీన్స్‌లోని దవావోలో వైద్యవిద్య చదువుతున్నాను. ఇక్కడ మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. రాజకీయ శాస్త్రం నాకు తెలియదు గాని, ఇక్కడివారు ఏం మాట్లాడుకుంటారో రోజూ వింటాను. మయన్మార్ గురించి నా తోటి విద్యార్థులు దాదాపు ఎన్నడూ మాట్లాడరు. వారి మాటల్లో ఎప్పుడూ వచ్చేది సముద్రమే. దక్షిణ చైనా సముద్రంలో తమ వైపు భాగాన్ని వీరు పశ్చిమ ఫిలిప్పీన్ సముద్రం అంటారు, 2012 నుంచి ప్రభుత్వం ఆ పేరును అధికారికంగా వాడుతోంది. చైనా తీరరక్షక నౌకలు నీటిఫిరంగులతో తమ పడవలను కొట్టే వీడియోలు ఇక్కడ ప్రతి ఫోన్‌లోనూ తిరుగుతుంటాయి. నా గది అద్దెకిచ్చిన ఆమె తమ్ముడు చేపల వేటకు వెళ్తాడు, అతడు ఇంటికి వచ్చేదాకా ఆమె నిద్రపోదు.

నా సందేహం ఇది. తగవులో తానే ఒక పక్షమైన దేశం, ఆ తగవు మీద జరిగే చర్చకు పెద్దగా ఎలా కూర్చుంటుంది?

నావికుడు_విశాఖ | జనవరి 4, రాత్రి 8.05

అమ్మా, నువ్వు అడిగింది ఈ చర్చలో అన్నిటికంటే మంచి ప్రశ్న. నేను ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో పనిచేశాను. సింగపూర్ దాటి ఆ సముద్రంలోకి ప్రవేశించాక రేడియోలో వినిపించే హెచ్చరికలు ఏడాదికేడాది పెరగడం నా చెవులతో విన్నాను. రెండు దేశాల నౌకలు ఒకే చోటును రెండు పేర్లతో పిలుస్తూ ఒకరినొకరు వెళ్లిపొమ్మంటుంటాయి.

పక్షం కాని దేశమే మంచి పెద్ద అనుకుంటే అది పొరపాటు. 2012 జులైలో నామ్ పెన్‌లో ఏం జరిగిందో చూడండి. ఆ సముద్రం మీద తగవుతో కంబోడియాకు సంబంధం లేదు. అయినా ఆ ఏడాది అధ్యక్ష స్థానంలో ఉండి, చైనా, ఫిలిప్పీన్స్ రెండూ తమదంటున్న స్కార్‌బరో షోల్ అనే దిబ్బ ప్రస్తావన ప్రకటనలో ఉండకూడదని పట్టుబట్టింది. ఫలితంగా సంఘం పుట్టిన 45 ఏళ్లలో మొదటిసారి విదేశాంగ మంత్రుల సమావేశం సంయుక్త ప్రకటన లేకుండా ముగిసింది. తరవాత ఇండోనేసియా మంత్రి నటలెగావా రాజధానులన్నీ తిరిగి ఆరు సూత్రాలకు ఒప్పించి పరువు నిలిపారు. మరోవైపు 2020లో వియత్నాం ఆ తగవులో స్వయంగా పక్షమే. కోవిడ్ కాలంలో ఆన్‌లైన్‌లో సమావేశాలు నడుపుతూనే, సముద్ర హక్కులకు 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టమే ప్రాతిపదిక అన్న మాటను ప్రకటనలో గట్టిగా నిలబెట్టింది.

గౌతమీతీరం | జనవరి 4, రాత్రి 10.30

నావికుడు గారు ఇచ్చిన ఈ రెండు ఉదాహరణలూ నేను మొదట చెప్పిన కలం మాటకు బలం చేకూరుస్తున్నాయి. వాటికి మూడోది నేను చేరుస్తాను, ఇది ఫిలిప్పీన్స్‌దే. 2016 జులై 12న అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ ఫిలిప్పీన్స్ వేసిన కేసులో దక్షిణ చైనా సముద్రం మీద చైనా చారిత్రక హక్కుల వాదానికి చట్టబద్ధత లేదని తీర్పు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాదే, అంటే 2017లో, ఫిలిప్పీన్స్ ఆసియాన్ అధ్యక్ష దేశం. గెలిచిన తీర్పును చేతిలో పెట్టుకుని అధ్యక్ష స్థానంలో కూర్చున్న దేశం దాన్ని ఎంత గట్టిగా వినిపిస్తుందో అని అందరూ చూశారు. కానీ నాటి అధ్యక్షుడు డుటెర్టే చైనాతో స్నేహం కోరుకుని, ఆ తీర్పును పక్కన పెట్టారు. ఆ ఏప్రిల్ ప్రకటన మెత్తగా వచ్చింది. అదే దేశం, అదే సముద్రం, అదే తీర్పు. మారినది కలం పట్టిన చెయ్యి. ఇప్పుడు మార్కోస్ ప్రభుత్వం ఆ తీర్పును ప్రతి వేదిక మీదా ప్రస్తావిస్తోంది.

కాబట్టి దవావో నుంచి రాసిన చెల్లికి నా జవాబు ఇది: పక్షం అయినంత మాత్రాన పెద్దరికానికి అనర్హత రాదు, కానీ ఎంత గట్టిగా పట్టుకుంటే మిగతావారు జారిపోతారో ఆ దేశానికి తెలిసి ఉండాలి. ఆ సముద్రంలో వాటా కోరుతున్న ఆసియాన్ దేశాలు ఫిలిప్పీన్స్, వియత్నాం, మలేసియా, బ్రూనై మాత్రమే. నతునా దీవుల వద్ద ఇండోనేసియాకూ చిక్కులున్నాయి. మిగతావారికి చైనాతో తగవు కంటే వ్యాపారం ముఖ్యం.

న్యాయవిద్యార్థిని_హైదరాబాద్ | జనవరి 5, ఉదయం 8.00

ఆ సముద్రంలో దేశాలు ఎలా నడుచుకోవాలో చెప్పే ప్రవర్తనా నియమావళి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2002 నవంబరు 4న నామ్ పెన్‌లో ఆసియాన్, చైనా కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి, దానికి కొనసాగింపుగా పూర్తి స్థాయి నియమావళి రావాలన్నారు. ఇరవై మూడేళ్లు గడిచాయి. 2018లో ఒకే ముసాయిదా మీద చర్చకు ఒప్పుకున్నారు. 2023 జులైలో మూడేళ్లలో ముగించాలని మార్గదర్శకాలు రాసుకున్నారు. ఆ మూడేళ్లు ఈ ఏడాదితో ముగుస్తాయి. నియమావళికి చట్టబద్ధత ఉండాలా, ఏ ఏ ప్రాంతాలకు అది వర్తించాలి, బయటి దేశాల సైనిక విన్యాసాలకు ఎవరి అనుమతి కావాలి అన్న మూడు ముడులు ఇంకా విడలేదు. తన అధ్యక్షతలోనే ముగించాలని ఫిలిప్పీన్స్ ఆశపడుతోంది. గడువు కోసం బలహీనమైన పత్రానికి ఒప్పుకోవడం కంటే గడువు దాటడమే మేలని నేను అనుకుంటాను.

పామాయిల్_రైతు | జనవరి 5, ఉదయం 9.30

అందరికీ నమస్కారం. మాది అశ్వారావుపేట మండలం, ఎనిమిది ఎకరాల్లో ఆయిల్‌పామ్ వేశాను. సముద్రాల సంగతి నాకు పెద్దగా తెలియదు, కానీ ఆసియాన్ అన్న పేరు వింటే నాకు గెలల ధర గుర్తుకొస్తుంది. భారత్, ఆసియాన్ సరుకుల ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మన దేశానికి వచ్చే పామాయిల్‌లో అత్యధికం ఇండోనేసియా, మలేసియాల నుంచే. గత మే నెలాఖరున ముడి వంట నూనెల మీద కేంద్రం దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించినప్పుడు మా గ్రామంలో అందరం దిగులుపడ్డాం. ఫిలిప్పీన్స్ అధ్యక్షత వల్ల ఈ ఒప్పందంలో మార్పులు ఏమైనా వస్తాయా?

గౌతమీతీరం | జనవరి 5, ఉదయం 11.00

రైతు గారు, సుంకం తగ్గించడం మన ప్రభుత్వం సొంత నిర్ణయం, అందులో ఆసియాన్ అధ్యక్ష దేశానికి ప్రమేయం లేదు. అయితే మీరు ప్రస్తావించిన ఒప్పందం ఇప్పుడు సమీక్షలో ఉంది. 2025లోగా ముగించాలనుకున్న ఆ పని ఇంకా సాగుతోంది. ఇక్కడ ఒక చిన్న సంగతి మీకు ఉపయోగపడవచ్చు. ఆసియాన్‌లో ఒక్కొక్క భాగస్వామి దేశంతో వ్యవహారాలను మూడేళ్ల చొప్పున ఒక్కొక్క సభ్యదేశం సమన్వయం చేస్తుంది. 2024 నుంచి 2027 దాకా భారత్‌కు ఆ సమన్వయకర్త కూడా ఫిలిప్పీన్సే. రెండు బాధ్యతలూ ఒకే దేశం చేతిలో ఉన్న ఏడాది కాబట్టి, మన అధికారులు అడగదలచినది అడగడానికి అనువైన సమయం ఇది. ఫిలిప్పీన్స్ కొబ్బరి నూనె ఎగుమతి చేసే దేశం, పామాయిల్‌లో దానికి ఇండోనేసియాకు ఉన్నంత స్వార్థం లేదు.

నావికుడు_విశాఖ | జనవరి 5, మధ్యాహ్నం 2.20

భారత్ ప్రస్తావన వచ్చింది కనుక చెబుతున్నాను. 2024 ఏప్రిల్‌లో మన దేశం ఫిలిప్పీన్స్‌కు బ్రహ్మోస్ క్షిపణులను అందించింది. ఆ క్షిపణుల కూర్పు కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. గత ఆగస్టులో తూర్పు నౌకాదళానికి చెందిన మన యుద్ధనౌకలు ఫిలిప్పీన్స్ నౌకలతో కలిసి దక్షిణ చైనా సముద్రంలో తొలిసారి ఉమ్మడిగా ప్రయాణించాయి. 2026ను భారత్, ఆసియాన్ సముద్ర సహకార సంవత్సరంగా జరుపుకోవాలని గత అక్టోబరు శిఖరాగ్ర సమావేశంలో ప్రధాని మోదీ ప్రకటించారు. విశాఖ రేవులో నిలబడి చూసేవాడికి ఈ అధ్యక్షత దూరపు వార్త కాదు.

దవావో_వైద్యవిద్య | జనవరి 5, సాయంత్రం 5.15

అందరికీ కృతజ్ఞతలు. మా ఇంటి ఆమెకు మీ చర్చ గురించి చెప్పాను. ఆమె అడిగిన మాట ఇది: "నియమావళి వస్తే నా తమ్ముడి పడవను ఎవరూ కొట్టకుండా ఉంటారా?" నేను తెలియదన్నాను.

మరొక ప్రశ్న. కొత్తగా చేరిన తూర్పు తిమోర్‌కు కూడా ఈ అధ్యక్షత వస్తుందా? అంత చిన్న దేశం వందల సమావేశాలు ఎలా నిర్వహిస్తుంది?

న్యాయవిద్యార్థిని_హైదరాబాద్ | జనవరి 5, రాత్రి 7.40

ఆమె ప్రశ్నకు నా దగ్గరా సమాధానం లేదు. ఉల్లంఘించినవారిని ఎవరు నిలదీస్తారో ఆ పత్రంలో రాసి ఉన్నప్పుడే దానికి జవాబు దొరుకుతుంది.

తూర్పు తిమోర్ విషయానికి వస్తే, తప్పక వస్తుంది. 30వ అధికరణం ప్రకారం జకార్తాలోని సచివాలయ ఖర్చుకు సభ్యదేశాలన్నీ సమానంగా చందా ఇవ్వాలి, అంటే ఇరవై ఎనిమిది కోట్ల జనాభా ఉన్న ఇండోనేసియా ఎంత ఇస్తుందో పద్నాలుగు లక్షల తూర్పు తిమోర్ కూడా అంతే ఇవ్వాలి. బాధ్యత సమానమైనప్పుడు వంతు కూడా సమానమే. ఆ దేశం 2011లో దరఖాస్తు చేసి పద్నాలుగేళ్లు ఎదురుచూసింది. ఇండోనేసియా ఆక్రమణ కింద 1999 దాకా నలిగి, 2002 మే 20న స్వతంత్రమైన దేశం అది. ఆ దరఖాస్తును అందుకున్న ఏడాది అధ్యక్ష దేశం ఇండోనేసియాయే.

ఈపో_తెలుగు | జనవరి 5, రాత్రి 9.00

ఆ రోజు కౌలాలంపూర్ వేదిక మీద పదకొండో జెండా పెట్టినప్పుడు ప్రధాని షనానా గుస్మావ్ కళ్లనీళ్లు పెట్టుకోవడం ఇక్కడ అందరం చూశాం. ఒకప్పుడు కొండల్లో గెరిల్లాగా పోరాడి, జకార్తాలో జైలు అనుభవించిన మనిషి ఆయన. మా దేశం అధ్యక్షతలో జరిగిన పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

కోరంగి_మనవడు | జనవరి 6, ఉదయం 6.50

అక్షరక్రమం వేసి చూశాను. 2027 సింగపూర్, 2028 థాయ్‌లాండ్, వరుస మారకపోతే 2029లో తూర్పు తిమోర్, ఆ తరవాత వియత్నాం. మయన్మార్ పేరు మళ్లీ రావాలంటే ఆ చక్రం మొత్తం ఒకసారి తిరగాలి, అది 2030ల మధ్యకు చేరుతుంది. మా తాతగారు నడిచి వచ్చిన ఆ దారి పొడవునా ఈ రోజు కూడా జనం మూటలు కట్టుకుని నడుస్తున్నారు. సెబులో కూర్చునే పెద్దలు తమ ప్రకటనలో వారి గురించి ఎన్ని వాక్యాలు రాస్తారో మే నెలలో ఇక్కడే మళ్లీ రాస్తాను.